బియ్యపు బూజు, ఇసబ్‌గోల్, ఆరున్నరకు వేసే మాత్ర

మా బాబాయికి డెబ్భై ఒకటి. చేతులు వణికించి, ఒళ్లు బిగుసుకుపోయేలా చేసే పార్కిన్సన్స్ జబ్బు అని తేలి నాలుగేళ్లయింది. షుగరు ఉంది కాబట్టి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర అంతకు ముందు నుంచే వేసుకుంటున్నారు. కిందటేడు సంక్రాంతికి వెళ్లేసరికి కుడి భుజం పట్టేసి, చొక్కా తొడుక్కోవడానికి పిన్ని సాయం పడుతోంది. "ఆ స్టాటిన్ కండరాలను తినేస్తుందటరా. మానేసి ఏదైనా సహజమైంది వేసుకుందామనుకుంటున్నా, నువ్వు కాస్త చదివి చెప్పు" అన్నారు. అప్పటికే గూట్లో గుగ్గులు (ఆయుర్వేదంలో వాడే చెట్టు బంక) బిళ్లల డబ్బా, మెంతిపొడి సీసా, అమెరికా నుంచి చెల్లెలు పంపిన రెడ్ ఈస్ట్ రైస్ క్యాప్సూల్స్ చేరిపోయి ఉన్నాయి. నేను డాక్టర్ని కాను. కానీ ఆయన అడిగారు కాబట్టి కూర్చుని చదివాను.

చదవగానే మొదట తెలిసింది, స్టాటిన్ పుట్టిందే బూజులో అని. జపాన్‌లో రైతు కుటుంబంలో పుట్టిన అకిరా ఎండో, 1970ల మొదట్లో టోక్యోలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తూ, బూజులను ఒక్కొక్కటిగా పరీక్షించడం మొదలుపెట్టారు. చుట్టూ ఉన్న సూక్ష్మజీవులను ఎదుర్కోవడానికి ఏదో ఒక బూజు వాటి కొవ్వు తయారీని ఆపే రసాయనాన్ని వదులుతుండవచ్చని ఆయన ఊహ. దాదాపు 6,000 రకాలు చూశాక, క్యోటోలో ఒక ధాన్యపు కొట్టు నుంచి తెచ్చిన బియ్యానికి పట్టిన నీలిపచ్చ బూజులో 1973లో అది దొరికింది. మన కాలేయం కొలెస్ట్రాల్ తయారుచేసే దారిలో హెచ్‌ఎంజీ-కోఎ రిడక్టేజ్ అనే ఎంజైము ఉంటుంది. ఈ పదార్థం వెళ్లి సరిగ్గా దానికే అడ్డుపడుతుంది. కాలేయానికి కొలెస్ట్రాల్ తక్కువ పడేసరికి రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్‌ను లాక్కుంటుంది.

ఇక రెడ్ ఈస్ట్ రైస్. పేరు చూసి మనం తినే ఎర్రబియ్యం అనుకోకండి. అన్నం మీద మొనాస్కస్ అనే ఎర్ర బూజును పెంచి చేస్తారు. చైనాలో వంటకూ మందుకూ వందల ఏళ్లుగా వాడుతున్నారు. దాన్లో పనిచేసే మొనాకొలిన్-కె అనే పదార్థాన్ని 1979లో మొనాస్కస్ నుంచి తీసింది కూడా ఎండోయే. అదే అణువు మరో బూజు నుంచి తయారై, 1987లో అమెరికాలో లోవాస్టాటిన్ పేరుతో మందుగా అనుమతి పొందింది. అంటే చెల్లెలు పంపిన క్యాప్సూల్‌లో ఉన్నది స్టాటినే. కాకపోతే ఎంత ఉందో డబ్బా మీద చాలాసార్లు రాయరు, ఒక బ్యాచ్‌కీ మరో బ్యాచ్‌కీ తేడా ఉంటుంది. 2022లో యూరప్ వాళ్లు రోజుకు మొనాకొలిన్లు 3 మిల్లీగ్రాముల లోపే ఉండాలని నియమం పెట్టారు. 2024లో జపాన్‌లో ఈ ఎర్ర బూజు బిళ్లలు వేసుకున్న చాలామందికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. తయారీలో ఇంకో బూజు కలిసి విషపదార్థం చేరిందని తేలింది. స్టాటిన్ పడక మానేసినవాళ్లు దీన్ని తీసుకుంటే అదే మందును లెక్కాపత్రం లేకుండా మళ్లీ మింగినట్టే. నేను ఆ డబ్బాను ఆ రోజే పక్కన పెట్టించాను.

కానీ ప్రత్యామ్నాయాల కంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఆ నొప్పి దేనిది? పార్కిన్సన్స్‌లో చేయి వణకడం అందరికీ కనిపిస్తుంది, బిగుసుకోవడం బయటికి అంతగా తెలియదు. భుజం పట్టేయడం కొందరిలో వణుకు కంటే ముందే వచ్చి, ఎముకల డాక్టర్ల చుట్టూ తిప్పుతుంది. ఇది ఎక్కువగా ఒక పక్కే ఉంటుంది, పార్కిన్సన్స్‌కు ఇచ్చే లివోడోపా మాత్ర పనిచేసే గంటల్లో కాస్త సడలుతుంది. స్టాటిన్ నొప్పి సాధారణంగా రెండు పక్కలా, తొడలు, పిరుదులు, పిక్కల్లాంటి పెద్ద కండరాల్లో, మందు మొదలుపెట్టిన లేదా మోతాదు పెంచిన కొన్ని వారాల్లో వస్తుంది. బాబాయి ఆ మాత్ర తొమ్మిదేళ్లుగా వేసుకుంటున్నారు. నొప్పి కుడివైపే. వణుకు మొదలైంది కూడా కుడిచేతికే.

2020లో లండన్ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనం ఇక్కడ గుర్తుంచుకోదగ్గది. ఇబ్బందులొచ్చి స్టాటిన్ మానేసిన 60 మందిని తీసుకున్నారు. ఏడాది పాటు కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి బిళ్ల, కొన్ని నెలలు ఖాళీ సీసా ఇచ్చారు. స్టాటిన్ నెలల్లో వచ్చిన బాధలో దాదాపు 90 శాతం ఉత్తుత్తి బిళ్లతోనూ వచ్చింది. ఆ బాధ అబద్ధమని దీని అర్థం కాదు. టెన్షన్‌తో మింగిన బిళ్ల కూడా నిజంగానే నొప్పి పుట్టిస్తుంది. నిజమైన కండర నష్టం అరుదు, కానీ ఉంది. సీకే అనే రక్తపరీక్షలో అది బయటపడుతుంది. నొప్పితో పాటు మూత్రం ముదురు గోధుమరంగులోకి మారితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

గుగ్గులు గురించి చెప్పడం నాకు కష్టంగానే ఉంది, ఎందుకంటే దాని కథ నాకిష్టం. సుశ్రుత సంహితలో కొవ్వు పెరగడం గురించి ఉన్న వర్ణన పట్టుకుని, జి.వి. సత్యవతి అనే పరిశోధకురాలు బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో 1966లో కుందేళ్ల మీద చేసిన పరిశోధన ఎంతో ఆశ కలిగించింది. తర్వాత మన దేశంలో గుగ్గులు సారం మందుగా కూడా వచ్చింది. కానీ 2003లో అమెరికాలో 103 మంది మీద జాగ్రత్తగా చేసిన పరీక్షలో గుగ్గులు తీసుకున్నవాళ్ల ఎల్‌డీఎల్ తగ్గకపోగా కొద్దిగా పెరిగింది. కొందరికి ఒంటి మీద దద్దుర్లు కూడా వచ్చాయి. మెంతుల మీద మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన అధ్యయనంలో కొలెస్ట్రాల్ తగ్గిన మాట నిజం. అయితే వాళ్లు ఇచ్చింది రోజుకు 100 గ్రాముల మెంతిపొడి, అది కూడా నూనె తీసేసింది. మనం మింగే చెంచాడుతో ఆ ఫలితం ఆశించలేం. కొబ్బరినూనె మెదడుకు మంచిదని ఎవరు చెప్పినా, మిగతా వంటనూనెలతో పోలిస్తే అది ఎల్‌డీఎల్‌ను పెంచుతుంది.

బాబాయి లాంటివాళ్లకు నిజంగా పనికొచ్చేది నాకు ఒకటి కనిపించింది, ఇసబ్‌గోల్. దాని పొట్టు పేగుల్లో జిగురుగా మారి పైత్యరసాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. పోయిన పైత్యరసాన్ని మళ్లీ చేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. క్రమం తప్పకుండా వాడితే ఎల్‌డీఎల్ 5 నుంచి 10 శాతం తగ్గుతుంది. పైగా పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో సగానికి పైగా మలబద్ధకంతో బాధపడతారు, ఆ బాధ కూడా తగ్గుతుంది. అయితే ఇదే జబ్బులో మింగడం కూడా నెమ్మదిస్తుంది. పొట్టు గొంతులో ఉబ్బితే ఊపిరాడదు. నిండు గ్లాసు నీళ్లలో కలిపి, చిక్కబడకముందే, కూర్చుని తాగాలి. తాగేటప్పుడు దగ్గు వచ్చేవాళ్లు డాక్టర్ని అడగకుండా ముట్టుకోకూడదు. లివోడోపా వేసుకునే వేళకు దూరంగా తీసుకోవడం మంచిది. ఓట్స్‌లోని పీచు కూడా ఇలాంటి పనే చేస్తుంది.

కొలెస్ట్రాల్ తగ్గడానికి మాంసం, నెయ్యి తగ్గించి పప్పులు, సోయా, చిక్కుళ్లు తినమంటారు. మంచి సలహాయే. కానీ లివోడోపా పేగు గోడ దాటాలన్నా, ఆ తర్వాత మెదడులోకి వెళ్లాలన్నా, ప్రోటీన్ నుంచి వచ్చే అమైనో ఆమ్లాలు వెళ్లే దారినే వెళ్లాలి. పెసరట్టుతో పాటే మాత్ర వేసుకుంటే దారిలో రద్దీ. జబ్బు ముదిరి, మందు ప్రభావం మధ్యమధ్యలో పడిపోయేవాళ్లకు ఇది బాగా తెలుస్తుంది. మాత్ర తిండికి కనీసం అరగంట ముందు వేసుకుంటే చాలావరకు సరిపోతుంది. ప్రోటీన్ మానేయకూడదు. పార్కిన్సన్స్‌లో చాలామంది తెలియకుండానే బరువు తగ్గిపోతారు, కండ కరుగుతుంది, కాళ్లు తడబడతాయి. బాబాయి అప్పటికే నాలుగు కిలోలు తగ్గారు. ఆయన్ని నూనె లేని కూరలతో ఇంకా ఎండగట్టడం నాకు సబబనిపించలేదు.

వేరుశనగ, నువ్వులు, బాదం ఆయనకు కొలెస్ట్రాల్‌కూ, బరువు నిలవడానికీ, రెండు విధాలా మేలు. దూలగొండి గింజల పొడి విషయం వేరు. అందులో సహజంగానే లివోడోపా ఉంటుంది. న్యూరాలజిస్టుకు చెప్పకుండా వేసుకుంటే అసలు మందు మోతాదు చెప్పకుండా పెంచినట్టే.

స్టాటిన్ పార్కిన్సన్స్‌నే ఆపుతుందని ఒకప్పుడు ఆశపడ్డవాళ్లూ ఉన్నారు. బ్రిటన్‌లో 235 మంది మీద రోజుకు 80 మిల్లీగ్రాముల సిమ్వాస్టాటిన్‌తో రెండేళ్లు పరీక్షించారు. 2022లో వచ్చిన ఫలితం: జబ్బు వేగం తగ్గలేదు. కొలెస్ట్రాల్ తయారయ్యే దారిలోనే పుట్టే కోఎంజైమ్ క్యూ10ను బయటి నుంచి ఇచ్చి చూసిన పరీక్షనూ, 600 మందిని చేర్చుకున్నాక, లాభం కనబడక మధ్యలోనే ఆపేశారు. కాబట్టి స్టాటిన్ ఉండాలా వద్దా అన్నది గుండె, రక్తనాళాల లెక్క. స్టాటిన్ ఎల్‌డీఎల్‌ను 30 నుంచి 50 శాతం దించుతుంది. గుండెపోటు, స్టెంటు, పక్షవాతం ఉన్నవాళ్లకు ఆ లోటును ఇసబ్‌గోల్ పూడ్చలేదు. నిజంగా కండరాలకు పడనివాళ్లకు మోతాదు తగ్గించడం, మరో స్టాటిన్ ఇవ్వడం, ఎజెటిమైబ్, కండరంలో చురుకవని బెంపెడోయిక్ ఆమ్లం లాంటి దారులు డాక్టర్ దగ్గర ఉన్నాయి.

బాబాయి సీకే మామూలుగానే వచ్చింది. డాక్టరు చెప్పినట్టు ఆరు వారాలు స్టాటిన్ ఆపి చూశారు. భుజం అలాగే ఉంది. స్టాటిన్ మళ్లీ మొదలైంది, లివోడోపా మోతాదు కాస్త పెంచారు, ఫిజియోథెరపీ అమ్మాయి వారానికి మూడుసార్లు వస్తోంది. ఇప్పుడు పొద్దున ఆరున్నరకు మాత్ర, ఏడుంబావుకు టిఫిన్, సాయంత్రం మాత్రకూ రాత్రి భోజనానికీ ఎడంగా ఇసబ్‌గోల్. మొన్న ఉగాదికి వెళ్తే తలుపు తానే తీశారు, చొక్కా పైబొత్తాం పెట్టుకుంటూ.