అహోబిలం మఠం ఎంత పాతది?

చిరంజీవులు చిన్నోడికి, పాపకు తాత ఆశీస్సులు.

మొన్న ఎగువ అహోబిలం నుంచి దిగుతూ చిన్నోడు ఒక మాట అడిగాడు. "ఆరు వందల ఏళ్ల మఠం అన్నావు కదా తాతా, మరి లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి, అయ్యవారేమో సెల్‌ఫోన్‌లో మాట్లాడుతున్నారు. ఇది పాతది ఎట్లా అవుతుంది?" అప్పుడు ఆయాసంతో నాకు నోరు పెగల్లేదు. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా.

మీ అవ్వ రాత్రిపూట పాలు కాచి, చల్లారాక ఏం చేస్తుంది? ముందురోజు పెరుగులోంచి ఒక చెంచాడు తీసి కలుపుతుంది. ఆ తోడు మా అమ్మ చేతి నుంచి వచ్చింది. మా అమ్మకు మా జేజి ఇచ్చింది. అప్పట్లో ఎనుము పాలు, మట్టి కుండ. ఇప్పుడు ప్యాకెట్ పాలు, స్టీలు గిన్నె. పాలు ఏ రోజుకారోజు కొత్తవే. తోడు మాత్రం పాతదే. మఠమూ అంతే నాయనా. ఫ్యాన్లు, ఫోన్లు గిన్నె లాంటివి. వాటిని చూసి వయసు లెక్క కట్టకూడదు.

ఆ మొదటి తోడు ఎవరంటే, మేల్కోటె నుంచి వచ్చిన శ్రీనివాసాచార్యులు అనే కుర్రాయన. 1400 ప్రాంతంలో, పులులు తిరిగే ఈ నల్లమలలోకి వచ్చాడు. నరసింహస్వామే ముసలి సన్యాసి రూపంలో ఎదురొచ్చి ఆయనకు సన్యాసం ఇచ్చాడని మఠం వాళ్లు చెబుతారు. అప్పటి నుంచి ఆయన ఆదివన్ శఠకోప స్వామి. ఆయన తర్వాత ఒకరు, వారి తర్వాత ఇంకొకరు. అట్లా ఇప్పుడున్నది 46వ జీయరు, అంటే మఠాధిపతి. మన రాజంపేట పక్కన తాళ్లపాక ఉంది కదా, ఆ ఊరి అన్నమయ్య ఈ శఠకోప యతి దగ్గరే వేదాంతం చదువుకున్నాడని అంటారు. అంటే ఇక్కడి తోడు ఒక చెంచాడు ఆ గిన్నెలోనూ పడిందన్నమాట. పెరుగు పోలిక పులుస్తోందని మీ అవ్వ పక్క నుంచి గొణుగుతోంది. గొణగనీ.

పాప అడిగింది ఇంకోటుంది: "మఠం ఇక్కడైతే జీయరు స్వామివారు ఇక్కడ లేరేం?" తోడు ఇంట్లోనే ఉండాలని ఏముంది? డబ్బాలో పెట్టుకుని ఎంత దూరమైనా తీసుకుపోవచ్చు. పైన మాలోల నరసింహుడి గుడి ఉంది, ఒళ్లో లక్ష్మీదేవిని కూర్చోబెట్టుకున్న చల్లటి స్వామి. ఆ స్వామి ఉత్సవమూర్తి గుడిలో ఉండడు. జీయరు ఏ ఊరు వెళ్తే ఆ ఊరికి వెంట వెళ్తాడు, అక్కడే పూజ. 44వ జీయరు శ్రీరంగంలో నాలుగు వందల ఏళ్లకు పైగా మొండిగా నిలిచిపోయిన రాజగోపురాన్ని పూర్తి చేయించారు. 13 అంతస్తులు, 236 అడుగులు. 1987లో కుంభాభిషేకం జరిగింది.

మా చిన్నప్పుడు సంక్రాంతి కంటే పెద్ద పండగ పారువేట. కనుమ నాడు జ్వాలా నరసింహుడు, ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకీలో అహోబిలం దిగి, నెలన్నర పాటు ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతారు. ఫాల్గుణంలో జరిగే తన పెళ్లికి రమ్మని ఇంటింటినీ స్వయంగా పిలుచుకోవడానికి! వాట్సాప్‌లో కార్డు పడేసి "తప్పక రావాలి" అనే మీ నాన్నకు ఈ ముక్క చదివి వినిపించండి. చెంచులక్ష్మిని చేసుకున్నాడు గనక చెంచులకు ఆయన అల్లుడు. బయలుదేరేటప్పుడు వాళ్లు విల్లు ఎక్కుపెట్టి పల్లకీ మీదికి బాణం వేస్తారు. అల్లుడితో ఆ మాత్రం చనువు ఉండదూ!

పల్లకీ మా ఊళ్లో దిగితే మా ఇంట్లో ఓళిగలు, చుట్టాలు, అరుగు నిండా చెప్పులు. నేను మాత్రం బోయీల చుట్టూ తిరిగేవాణ్ణి. దండె ఆనే చోట వాళ్ల భుజం మీద చర్మం నల్లగా కాయ కాసి ఉండేది. ఒకాయన నన్ను తాకి చూడమన్నాడు. రాయే. "మా నాయనకూ ఈడనే ఉండె" అన్నాడు.

ఇరవై ఏళ్ల కుర్రాడు అమ్మనూ ఊరినీ వదిలి అడవికి ఎట్లా వచ్చాడో, అట్లాంటివాళ్లు ఆరు వందల ఏళ్లుగా ఒకరి వెనక ఒకరు ఎట్లా దొరికారో, దానికి మాత్రం నా పెరుగు పోలిక చాలదు. ఇన్నేళ్లొచ్చినా నాకు ఆశ్చర్యమే.

ఈ కనుమ తర్వాత పల్లకీ మన ఊరికి వచ్చే రోజు ముందే ఫోన్ చేస్తా, రండి. వీడియో తీయాలని టెన్షన్ పడకండి. బోయీలు భుజం మార్చుకునే చోట దగ్గరగా నిలబడండి. ఒకరు తప్పుకుని ఇంకొకరు దూరేటప్పుడు పల్లకీ ఒరుగుతుందా, ఆగుతుందా చూసి నాకు చెప్పండి.

ఇట్లు,
మీ తాత

తా.క.: చిన్నోడా, మెట్ల దగ్గర కోతి లాక్కుపోయిన బిస్కెట్ ప్యాకెట్ సంగతి మీ అమ్మకు నేను చెప్పలేదు. నువ్వూ చెప్పకు.