ఫోర్స్ ఇండియా మార్చింది ఇంజిన్ ఒక్కటే కాదు

ఇంగ్లండ్‌లో సిల్వర్‌స్టోన్ ట్రాక్ గేటు ఎదురుగా, రోడ్డు దాటగానే ఒక ఫార్ములా వన్ ఫ్యాక్టరీ ఉంది. జోర్డాన్, మిడ్‌ల్యాండ్, స్పైకర్, ఫోర్స్ ఇండియా, రేసింగ్ పాయింట్, ఇప్పుడు ఆస్టన్ మార్టిన్. ఇవన్నీ వేర్వేరు టీమ్‌లు కావు, చేతులు మారుతూ వచ్చిన ఒకే టీమ్. 2026 నుంచి మెర్సిడెస్‌ను వదిలి హోండా ఇంజిన్ తీసుకుంటామని 2023 మేలో ఈ టీమ్ ప్రకటించింది. ఈమధ్యే రేసులు చూడటం మొదలుపెట్టినవాళ్లకు అది వింతగా అనిపించి ఉండొచ్చు, ఎందుకంటే వాళ్లకు తెలిసినప్పటి నుంచి ఆ ఫ్యాక్టరీలో మెర్సిడెస్ తప్ప వేరే ఇంజిన్ లేదు. అసలు మెర్సిడెస్ అక్కడికి ఎలా వచ్చిందో తెలియాలంటే 2008కి వెళ్లాలి. అప్పుడు ఆ టీమ్ పేరు ఫోర్స్ ఇండియా, యజమాని మన విజయ్ మాల్యా, ఆ ఏడాది వచ్చిన పాయింట్లు సున్నా.

ఇంజిన్లు మార్చడం ఆ టీమ్‌కు మొదటి నుంచీ అలవాటే. ఎడ్డీ జోర్డాన్ 1991లో ఫార్ములా వన్‌లోకి వచ్చినప్పుడు ఫోర్డ్ ఇంజిన్‌తో మొదలుపెట్టి, తొలి ఏడాదే 13 పాయింట్లు తెచ్చుకుని ఐదో స్థానంలో నిలిచాడు. కొత్త టీమ్‌కు అది చిన్న విషయం కాదు. అయితే ఆ ఇంజిన్ డబ్బులు పెట్టి కొనాలి, జోర్డాన్ దగ్గర డబ్బుల్లేవు. మరుసటి ఏడాది యమహా ఊరికే ఇస్తానంటే 12 సిలిండర్ల ఆ ఇంజిన్‌కు మారాడు. ఊరికే వచ్చిన ఇంజిన్‌తో ఏడాదంతా తిరిగితే దక్కింది ఒకే ఒక్క పాయింటు, అదీ ఆఖరి రేసులో. ఆ తర్వాత హార్ట్, పూజో, ముగెన్-హోండా, హోండా, మళ్లీ ఫోర్డ్, 2005లో టొయోటా. మన నరైన్ కార్తికేయన్ నడిపింది ఆ టొయోటా జోర్డాన్‌నే. ఇండియానాపోలిస్‌లో మిషెలిన్ టైర్ల టీమ్‌లన్నీ తప్పుకుని ఆరు కార్లే పరుగెత్తిన ఆ వింత రేసులో నాలుగో స్థానం తెచ్చుకున్నాడు. ఎలా వస్తేనేం, 5 పాయింట్లు 5 పాయింట్లే.

2005 మొదట్లోనే టీమ్‌ను మిడ్‌ల్యాండ్ వాళ్లు కొన్నారు, తర్వాత వాళ్ల దగ్గర స్పైకర్ కొంది. స్పైకర్ 2007లో ఫెరారీ ఇంజిన్ తెచ్చింది. అదే ఏడాది అక్టోబరులో మాల్యా, నెదర్లాండ్స్‌కు చెందిన మిఖీల్ మోల్ కలిసి 8.8 కోట్ల యూరోలకు టీమ్‌ను కొని ఫోర్స్ ఇండియా అని పేరు పెట్టారు. ఇంటిపేరు మారింది తప్ప సంసారం పాతదే. పాత కారు, పాత మనుషులు, పాత ఫెరారీ ఒప్పందం.

2008లో 18 రేసులు జరిగాయి. ఫిసికెల్లా, సుటిల్ ఇద్దరూ నడిపారు, ఒక్క పాయింటూ రాలేదు. వచ్చినంత పనైంది మొనాకోలో మాత్రమే. 18వ స్థానంలో మొదలెట్టిన సుటిల్ వానలో అందరూ జారిపోతుంటే ఒక్కొక్కర్నీ దాటుకుంటూ నాలుగో స్థానానికి వచ్చేశాడు. ఇంకొన్ని ల్యాప్‌లే ఉన్నాయి. టన్నెల్ దాటాక బ్రేకు వేసే చోట వెనక నుంచి వచ్చిన రైకోనెన్ కారు అదుపు తప్పి నేరుగా సుటిల్ వెనక భాగానికి గుద్దింది. రైకోనెన్ ముక్కు మార్చుకుని మళ్లీ ట్రాక్ మీదికి వెళ్లిపోయాడు, సుటిల్ గ్యారేజీలో కూర్చుని ఏడ్చాడు. గుద్దింది ఫెరారీ అన్న సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఈ సున్నాకు కారణం ఇంజినేనా? ఇక్కడే చాలామంది పొరబడతారు. 2008లో కన్‌స్ట్రక్టర్స్ టైటిల్, అంటే టీమ్‌ల టైటిల్, గెలిచింది ఫెరారీ. అంతకన్నా గట్టి సాక్ష్యం కావాలంటే, అదే ఫెరారీ ఇంజిన్ కొనుక్కుని వాడిన ఇంకో చిన్న టీమ్ టోరో రోసో సెప్టెంబరులో మోంజాలో పోల్, అంటే అందరికన్నా ముందు మొదలుపెట్టే చోటు, కొట్టి రేసు కూడా గెలిచింది. నడిపింది అప్పటికి 21 ఏళ్ల సెబాస్టియన్ వెటెల్. టోరో రోసో కారు దాదాపుగా రెడ్ బుల్ కారే, రెడ్ బుల్‌కేమో రెనో ఇంజిన్, చివరికి పిల్ల టీమ్‌కు 39 పాయింట్లు, తల్లి టీమ్‌కు 29. అంటే ఫెరారీ ఇంజిన్‌కు వంక పెట్టడానికి లేదు. తేడా ఎక్కడుందంటే, టోరో రోసోకు మిగతా కారు కూడా పెద్దింటి నుంచి వచ్చింది. ఫోర్స్ ఇండియాకు ఫెరారీ ఫ్యాక్టరీ ఉన్న మారనెల్లో నుంచి వచ్చింది ఇంజిన్ మాత్రమే, మిగతాదంతా సొంతంగా చేసుకోవాలి, చేసుకోవడానికి కావాల్సినంత మంది లేరు.

2008 నవంబరులో వారం తిరగకుండా అన్నీ జరిగిపోయాయి. టీమ్ ప్రిన్సిపల్ కోలిన్ కోలెస్, టెక్నికల్ బాధ్యతలు చూసే మైక్ గాస్కోయిన్ వెళ్లిపోయారు. ఫెరారీతో ఒప్పందానికి గడువు ఉండగానే తెంచుకున్నారు. మెర్సిడెస్, మెక్‌లారెన్‌లతో ఐదేళ్ల ఒప్పందం కుదిరింది. ఇంజిన్ మెర్సిడెస్‌ది, దాంతోపాటు గేర్‌బాక్స్, హైడ్రాలిక్స్ మెక్‌లారెన్‌వి, అవసరమైతే బ్రేకుల దగ్గర శక్తి పోగేసి వాడుకునే, కొత్తగా వస్తున్న కెర్స్ కూడా. మెక్‌లారెన్ నుంచి సైమన్ రాబర్ట్స్ అనే పెద్ద ఉద్యోగి వచ్చి రోజువారీ పనులు చూడటం మొదలుపెట్టాడు. ఆ ప్రకటనలో అందరూ చదివిన మాట మెర్సిడెస్. నా లెక్కలో అసలు మాట గేర్‌బాక్స్.

ఎందుకో చెప్తాను. మన వీధి చివర మెకానిక్ ఆటోలోంచి ఇంజిన్ దించి ఇంకోటి ఎక్కించి సాయంత్రానికి తాళం చేతిలో పెట్టేస్తాడు. ఫార్ములా వన్ కారులో ఆ పప్పులు ఉడకవు, ఎందుకంటే అక్కడ ఇంజిన్‌ను మోసే ఫ్రేమ్ అంటూ విడిగా ఉండదు. డ్రైవరు కూర్చునే కార్బన్ తొట్టె వెనక గోడకు ఇంజిన్‌ను బోల్టులతో బిగిస్తారు, ఆ ఇంజిన్ వెనక గేర్‌బాక్స్ బిగిస్తారు, ఆ గేర్‌బాక్స్‌కు వెనక సస్పెన్షన్ చేతులు, వాటికి చక్రాలు. అంటే కారు వెనక సగం బరువంతా ఇంజిన్ మీదే వేలాడుతుంది. కాబట్టి ఇంజిన్ మారితే బోల్టులు పడే చోట్లు, పొగ గొట్టాల వంపు, రేడియేటర్ల సైజు, ఆయిల్ ట్యాంకు, వైరింగు, వీటన్నిటి మీద కప్పే తొడుగు ఆకారం, అన్నీ మారతాయి. తొడుగు మారితే గాలి పోయే దారి మారుతుంది, అది మారితే గాలి సొరంగంలో నెలల తరబడి చేసిన పని చెత్తబుట్టకే. పైగా 2009కి రూల్స్ కూడా మొత్తం మారాయి. రెక్కలు మారాయి, గాడుల్లేని నున్నటి టైర్లు తిరిగొచ్చాయి. ఇంత గందరగోళంలో నవంబరులో ఇంజిన్ మార్చి మార్చికల్లా కారు తేవడమంటే పెళ్లి వారం ఉందనగా మండపం మార్చినట్టే.

తెచ్చారు. తెల్లటి కారు మీద కాషాయం, ఆకుపచ్చ. కారు పేరు వీజేఎం02.

అదే చలికాలంలో ఇంతకన్నా సాహసం చేసినవాళ్లు ఇంకొకరున్నారు. డిసెంబరులో హోండా ఫార్ములా వన్ నుంచి తప్పుకుంటే రాస్ బ్రాన్ ఆ టీమ్‌ను నిలబెట్టి, హోండా ఇంజిన్ కోసం కట్టిన ఛాసీ వెనక భాగాన్ని కోసి అందులో మెర్సిడెస్ ఇంజిన్ కూర్చోబెట్టాడు. ఆ కారు మొదటి రేసే గెలిచింది, ఆ ఏడాది టైటిల్ కూడా. అప్పటికి ఇంజిన్ల అభివృద్ధిని రూల్స్ స్తంభింపజేశాయి, అందరివీ 2.4 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజిన్లే, అందరికీ నిమిషానికి 18,000 చుట్ల హద్దే. అయినా ఆ తరంలో మెర్సిడెస్‌దే గట్టి ఇంజిన్ అన్న మాట ప్యాడాక్‌లో, అంటే టీమ్‌లన్నీ మకాం వేసే చోట, గట్టిగానే ఉండేది.

ఫోర్స్ ఇండియాకు మాత్రం వెంటనే ఏమీ కలిసి రాలేదు. మెల్‌బోర్న్‌లో సుటిల్ తొమ్మిదోవాడు, అప్పట్లో పాయింట్లు ఎనిమిది మందికే. చైనాలో వానలో ఆరో స్థానంలో ఉండగా, ఆరు ల్యాప్‌లుండగా కారు నీళ్ల మీద జారి గోడకు కొట్టుకుంది. జర్మనీలో ఏడో స్థానం నుంచి మొదలెట్టి ముందువరుసలో పోతూ, పిట్ నుంచి బయటికి వస్తున్నప్పుడు మొదటి మలుపులో ఎవరిని తగిలాడనుకున్నారు? మళ్లీ రైకోనెన్‌నే. జాతకమో ఏమో మరి.

ఆగస్టు 29, శనివారం, బెల్జియంలోని స్పా. రేసులో ఎవరెక్కడ మొదలెట్టాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో ఫిసికెల్లా పోల్ కొట్టాడు, 1:46.308. స్క్రీన్ మీద తప్పు పడిందనుకున్నవాళ్లూ ఉన్నారు. ఈ టీమ్‌కు స్పాతో ఏదో రుణం ఉన్నట్టుంది. జోర్డాన్ రోజుల్లో షూమాకర్ తొలి రేసు అక్కడే, 1994లో బారికెల్లోతో తొలి పోల్ అక్కడే, 1998లో డేమన్ హిల్‌తో తొలి గెలుపూ అక్కడే. మరునాడు మన టైం ప్రకారం సాయంత్రం ఐదున్నరకు రేసు. మొదటి ల్యాప్‌లోనే వెనక నాలుగు కార్లు గుద్దుకోవడంతో, అందరినీ మెల్లగా వెంట నడిపించే సేఫ్టీ కార్ వచ్చింది. ఆరో స్థానం నుంచి మొదలెట్టిన రైకోనెన్ అప్పటికే రెండో స్థానంలో ఉన్నాడు. ఐదో ల్యాప్‌లో సేఫ్టీ కార్ పక్కకెళ్లింది. ఫిసికెల్లా లా సోర్స్ హెయిర్‌పిన్ బాగానే తిరిగాడు, ఓ రూజ్ మలుపు ఎక్కేదాకా ముందే ఉన్నాడు. పైకొచ్చాక కెమెల్ స్ట్రెయిట్ మొదలవుతుంది. రైకోనెన్ వెనకే అంటుకుని వచ్చి స్టీరింగ్ మీది కెర్స్ బటన్ నొక్కాడు. బ్రేకుల దగ్గర పోగేసుకున్న శక్తి, దాదాపు 80 హార్స్‌పవర్, ల్యాప్‌కు ఆరున్నర సెకన్ల పాటు అదనం. ఫిసికెల్లా కారులో ఆ బటనే లేదు. ఒప్పందంలో కెర్స్ ఉన్నా ఫోర్స్ ఇండియా ఆ ఏడాది రేసుల్లో వాడలేదు. ఎర్ర కారు పక్కగా దాటిపోయింది. తర్వాత 39 ల్యాప్‌లు ఫిసికెల్లా వెంటపడ్డాడు, 0.939 సెకన్ల తేడాతో రెండో స్థానం.

వదిలేసి వచ్చిన ఫెరారీ చేతిలోనే ఒక్క సెకను కూడా లేని తేడాతో ఓటమి. అయినా 30వ రేసులో తొలి పాయింట్లు, ఒకేసారి 8. ఫెరారీ ఊరుకుంటుందా, గాయపడిన తమ డ్రైవరు మాసా స్థానం కోసం ఫిసికెల్లానే పట్టుకుపోయింది. పాపం, ఎర్ర కారులో మిగిలిన ఐదు రేసుల్లో అతనికి ఒక్క పాయింటూ రాలేదు. ఇటు సుటిల్ మోంజాలో రెండో స్థానం నుంచి మొదలెట్టి నాలుగోవాడిగా ముగించాడు. స్పా, మోంజా రెండూ పొడవాటి స్ట్రెయిట్ల ట్రాకులు. అక్కడ మంచి ఇంజిన్ కలిసొస్తుంది నిజమే, కానీ వెనక సగం మెక్‌లారెన్ నుంచి వస్తుండటంతో సిల్వర్‌స్టోన్‌లోని ఆ కొద్దిమందీ తమ టైమంతా గాలిని కోసే పనిమీదే పెట్టగలిగారని, అసలు లాభం అదేనని నా నమ్మకం. ఏడాది చివరికి 13 పాయింట్లు, 2010లో 68.

మెర్సిడెస్‌తో బంధం అప్పటి నుంచి బిగుసుకుంటూనే పోయింది. 2014లో హైబ్రిడ్ ఇంజిన్లు వచ్చినప్పుడు మెర్సిడెస్‌ది అందరికన్నా ముందుంది. బహ్రెయిన్‌లో పెరెజ్ మూడో స్థానం తెచ్చాడు, స్పా తర్వాత అదే తొలి పోడియం. 2016, 2017ల్లో వరసగా నాలుగో స్థానం, ఆ బడ్జెట్‌తో అది మామూలు విషయం కాదు. మరోపక్క మాల్యా కింగ్‌ఫిషర్ విమానాలు 2012లోనే నేల మీద ఆగిపోయాయి, టీమ్ ఖజానా కూడా అంతంతమాత్రమే. 2018 జులైలో హంగరీ రేసు శుక్రవారం నాడు టీమ్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఆ దరఖాస్తు వెనక ఉన్నది టీమ్ డ్రైవరు పెరెజ్, అతనికి దన్నుగా మెర్సిడెస్. వినడానికి వెన్నుపోటులా ఉంటుంది గానీ, టీమ్‌ను మూసేయించే కేసు ఇంకోటి ముంచుకొస్తుంటే, 400 మందికి పైగా ఉద్యోగాలు నిలబెట్టడానికి అప్పుడు దొరికిన దారి అదే. అలా కెనడా వ్యాపారి లారెన్స్ స్ట్రోల్ బృందం చేతికి వచ్చింది టీమ్.

ఇప్పుడు హోండా. ఇంజిన్ జపాన్‌లోని సకురా నుంచి వస్తుంది. 2009 నుంచి ఆ ఫ్యాక్టరీ గేర్‌బాక్స్ మొదట మెక్‌లారెన్‌ది, తర్వాత మెర్సిడెస్‌ది, ఎప్పుడూ బయటిదే. మెర్సిడెస్ వెళ్లిపోతే గేర్‌బాక్స్ కూడా దాని వెంటే పోతుంది కాబట్టి, 2026 కారుకు ఆస్టన్ మార్టిన్ దాన్ని సొంతంగా తయారు చేసుకోవాల్సి వచ్చింది.