స్ట్రక్చర్డ్ వాటర్ మెషిన్ కొనే ముందు: అపోహలు - వాస్తవాలు

నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. "స్ట్రక్చర్డ్ వాటర్ మెషిన్ పెట్టించుకోమంటున్నారు, మంచిదేనా మేడమ్?" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు.

అపోహ: మెషిన్ నీటి అణువులను ఆరు మూలల గుంపులుగా పేరుస్తుంది, ఆ నీరు ఒంటికి త్వరగా పడుతుంది.

వాస్తవం: నీటి అణువుల మధ్య ఉండే హైడ్రోజన్ బంధాలు సెకనులో లక్ష కోట్లవ వంతు లెక్కన తెగుతూ, మళ్లీ కలుస్తూ ఉంటాయి. పైపులో సుడి తిప్పినా, అయస్కాంతం బిగించినా గ్లాసులో పడేలోపే ఆ పేర్పు పోతుంది. ఆరు మూలల అమరిక నిలిచేది ఐసుగడ్డలో. అదీ కరిగితే మామూలు నీళ్లే.

అపోహ: డెమోలో చుక్కలు వేస్తే మెషిన్ నీళ్ల రంగు మారడం కళ్లారా చూశాం.

వాస్తవం: ఆ చుక్కలు చెప్పేది పీహెచ్, అంటే నీటి ఆమ్ల-క్షార స్థాయి, ఒక్కటే. చిటికెడు వంటసోడా కలిపినా రంగు మారుతుంది.

అపోహ: ఇది ఉంటే ఫిల్టర్ అక్కర్లేదు.

వాస్తవం: నన్ను బాగా బాధపెట్టేది ఇదే. నల్గొండ వైపు నుంచి ఒక పెద్దాయన రెండు సీసాలు తెచ్చారు. ఒకటి బోరు నీళ్లు, రెండోది మెషిన్‌లోంచి పట్టినవి. రెండింట్లోనూ ఫ్లోరైడ్ ఒకటే, లీటరుకు 2 మిల్లీగ్రాములకు పైనే. మన ప్రమాణం ప్రకారం లీటరుకు 1 దాటకూడదు, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 వరకు. కాగితం చూసి "మనవరాలికి గివే తాపుతున్నం గద బిడ్డా" అన్నారు. పిల్లల పళ్లు, ఎముకలు ఎదిగే వయసులోనే ఫ్లోరైడ్ ఎక్కువ హాని చేస్తుంది. కాచినా అది పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం వేసి తేర్చే నల్గొండ పద్ధతి గానీ, సరిగ్గా పనిచేసే ఆర్వో గానీ దాన్ని తగ్గిస్తాయి. అయస్కాంతానికి ఆ పని చేతకాదు.

కొనాలనే ఉంటే ట్రయల్‌కి పెట్టమనండి. మెషిన్‌కు ముందు నీళ్లు, తర్వాతి నీళ్లు వేర్వేరు సీసాల్లో పట్టి, ఏది ఏదో చెప్పకుండా ల్యాబ్‌కి ఇవ్వండి. ఫ్లోరైడ్, నైట్రేట్, కాఠిన్యం, బాక్టీరియా చూడమనండి. నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని చూపే టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ని విడిగా పట్టలేదు, దాన్ని నమ్ముకోకండి. బాక్టీరియా పరీక్షకు సీసా ల్యాబ్ దగ్గరే అడిగి తీసుకోండి, ఇంట్లో కడిగిన కూల్‌డ్రింక్ సీసా పనికిరాదు.