దవడ జారినప్పుడు చేయవలసినది

చిరంజీవులైన మనవళ్లకు, మనవరాళ్లకు నల్లగొండ నుండి మీ తాత దీవెనలు.

దసరా సెలవుల్లో మీ నానమ్మకు ఆవలింతతో దవడ జారినప్పుడు మీరంతా బెదిరిపోయారు. తెరిచిన నోరు మూతపడక, మాట రాక, చొంగ కారుతూ ఆమె కూర్చుంటే ఇరుగుపొరుగులో ఒకరు గదువ పట్టి పైకి నెట్టబోయారు, ఇంకొకరు చెంప మీద చరిస్తే సరి అన్నారు. ఆ రెండూ ఎందుకు కూడదో మీకు తెలియాలి.

చెవి ముందు వేలు ఆనించి నోరు తెరిచి మూయండి. వేలి కింద కదిలేది దవడ ఎముక గుండ్రని కొన. అది పుర్రె అడుగున ఒక గుంటలో ఒదిగి ఉంటుంది. ఆ గుంటకు ముందు ఒక ఎముక గట్టు ఉంటుంది; పొలం గట్టును తలకిందులుగా ఊహించుకోండి. పెద్దగా ఆవలించినా, జామకాయను ఒక్కసారే కొరకబోయినా, పంటి వైద్యానికి చాలాసేపు నోరు తెరిచి ఉంచినా ఒక్కోసారి ఆ కొన గట్టు దాటి అవతలే చిక్కుకుంటుంది. వెంటనే నమిలే కండరాలు బిగుసుకొని దాన్ని పైకి లాగి పడతాయి. గట్టు కిందికి వేలాడుతున్నది కనుక, దవడ ముందు కిందికి దిగి, తరువాతనే వెనక్కి పోగలదు. గదువను పైకి నెడితే అది గట్టుకు మరింత బిగుస్తుంది, అంతే; చెంప మీద చరిచినా అది కిందికి దిగదు.

దవాఖానలో డాక్టరు బొటనవేళ్లకు గుడ్డ చుట్టుకొని, వాటిని కింది దవడ పళ్ల మీద పెట్టి, నెమ్మదిగా కిందికి నొక్కి వెనక్కి తోయడం మీరు చూశారు. దవడ కుదురుకునే క్షణంలో పళ్లు టక్కున మూసుకుంటాయి, అందుకే ఆ గుడ్డ. ఈ పద్ధతి గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ కాలం నుండి, అంటే 2,000 ఏళ్లకు పైగా ఉన్నది. అయినా నేర్చినవారే చేయాలి. కింద పడడం వల్లనో దెబ్బ తగలడం వల్లనో జారితే ఎముక విరిగి ఉండవచ్చు కనుక ముందు ఎక్స్‌రే తీయాలి. ఒక పక్కే జారితే గదువ రెండో పక్కకు ఒరుగుతుంది.

ఆలస్యమైన కొద్దీ కండరాలు బిగుస్తాయి, కనుక అదే పూట తీసుకుపోవాలి. దారిలో చొంగ గొంతులోకి పోకుండా ముందుకు వంగి కూర్చోబెట్టండి; తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి.

ఒకసారి సాగిన కీలు మళ్లీ జారడం సులువు. అందుకే రెండు మూడు వారాలు గటక, పెరుగన్నం వంటి మెత్తనివే పెట్టమన్నారు. మాటిమాటికీ జారితే నిపుణులకు చూపించాలి. ఇప్పుడు మీ నానమ్మ ఆవలింత రాగానే గదువ కింద పిడికిలి ఆనించుకుంటున్నది. మీరు వచ్చినప్పుడు ఆమె మరిచిపోతే గుర్తు చేయండి.

మీ తాత