వోల్టేజీ దించితే గీజర్ ఏం చేస్తుంది?

"వోల్టేజీ తగ్గితే వస్తువులు కరెంటు ఎక్కువ లాగుతాయి కదండీ, మరి సబ్‌స్టేషన్‌లో వోల్టేజీ దించి లోడు తగ్గిస్తామంటారేంటి?" అని ఒక పాఠకుడు అడిగారు. తికమక ఆయనది కాదు, పాఠం చెప్పే మాది. ఒకరోజు పవర్ అంటే వోల్టేజీని కరెంటుతో గుణించడం అంటాం. మర్నాడు వోల్టేజీ వర్గాన్ని నిరోధంతో భాగించమంటాం. ఏ వస్తువు దగ్గర ఏది పట్టుకోవాలో మాత్రం చెప్పం.

ఫోన్ చార్జర్, టీవీ, ఇన్వర్టర్ ఏసీ మొండివి. తమకు కావలసిన వాట్లు రాబట్టుకునే దాకా ఊరుకోవు. వోల్టేజీ 5 శాతం తగ్గితే కరెంటు 5 శాతం పైనే పెంచుకుంటాయి. తీగల్లో నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, అన్నీ ఇలాంటివే ఉన్న లైన్లో ఆ నష్టం 11 శాతం దాకా పెరుగుతుంది. వీటి వరకూ పాఠకుడి మాట అక్షరాలా నిజం.

గీజర్ అలా కాదు. దాని లోపలి తీగ నిరోధం మారదు కాబట్టి ఇక్కడ రెండో సూత్రం పట్టుకోవాలి. 230 వోల్టుల దగ్గర 2000 వాట్లు తీసుకునేది, 218.5 వోల్టులిస్తే కరెంటు కూడా 5 శాతం తగ్గించుకుని 1805 వాట్లతో సరిపెట్టుకుంటుంది. దించింది 5 శాతం, దిగింది దాదాపు 10.

ఆగండి, సంబరం అప్పుడే వద్దు. 15 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 55కి రావాలంటే పట్టే విద్యుత్తు రమారమి అర యూనిట్టు. ఇంతకుముందు 16 నిమిషాల్లోపు ఆగిపోయే గీజర్ ఇప్పుడు 17 దాటాకే ఆగుతుంది. యూనిట్లు అవే, బిల్లూ అదే. ఊరి లెక్క ఇంకా తమాషా. ఏ క్షణంలో చూసినా సగటున 100 గీజర్లు నడుస్తుంటే లోడు 200 కిలోవాట్లు. వోల్టేజీ దించగానే 180.5. కానీ ఒక్కోటీ ఎక్కువసేపు నడవడంతో కాసేపటికి 111 దాకా ఒకేసారి ఆన్‌లో ఉంటాయి. మళ్లీ 200! మిగిలిందేం లేదు, కాస్త వాయిదా పడిందంతే.

ఆ వాయిదాకే విలువ. ఎక్కడో పెద్ద ప్లాంటు ఉన్నట్టుండి ఆగి, సరఫరా చాలక గ్రిడ్ ఫ్రీక్వెన్సీ పడిపోతుంటే ఆ కొద్ది నిమిషాలే ప్రాణం. ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీని మెట్టుమెట్టుగా పెంచి దించే ట్యాపులు మార్చడానికి సెకన్లు పడుతుంది. అంతకన్నా త్వరగా కావాలంటే, పక్కపక్కన కలిసి పనిచేసే రెండు ట్రాన్స్‌ఫార్మర్లలో ఒకదాని బ్రేకర్ తెరుస్తారు. మొత్తం లోడు రెండోదాని మీద పడి వోల్టేజీ టక్కున దిగుతుంది. వాయవ్య ఇంగ్లండ్‌లో ఎలక్ట్రిసిటీ నార్త్ వెస్ట్ సంస్థ 'క్లాస్' పేరుతో ఇలాంటివి పరీక్షిస్తే, ఇళ్లలోవాళ్లకు తేడాయే తెలియలేదు.

నిజమైన ఆదా కూడా లేకపోలేదు. వేడి చాలగానే తనంతట ఆపే థర్మోస్టాట్ లేని హీటర్లు, పాత బల్బులు, ఫ్యాన్లు తక్కువ వాడుకుని, పని కాస్త తక్కువ చేసి ఊరుకుంటాయి. అమెరికాలో సబ్‌స్టేషన్ల నుంచి వీధులకు కరెంటు తెచ్చే లైన్లు, అంటే ఫీడర్లు, అన్నిటికీ ఇలా వోల్టేజీ దించే పద్ధతి పెడితే ఏడాది వాడకం సుమారు 3 శాతం తగ్గుతుందని పసిఫిక్ నార్త్‌వెస్ట్ నేషనల్ ల్యాబొరేటరీ 2010లో లెక్క కట్టింది. అందులో 80 శాతం లాభం 40 శాతం ఫీడర్లలోనే ఉందట.

ఎంత దించవచ్చో తేల్చేది లైన్ చివరి ఇల్లు. బ్రిటన్‌లో అక్కడ 216.2 వోల్టులకు తగ్గకూడదు. ఆ ఇంటికి చాలాలన్న భయంతో సబ్‌స్టేషన్ పక్కింటికి అవసరానికి మించి ఇస్తుంటారు. చివరి ఇంట్లో స్మార్ట్ మీటరుంటే అంత భయం అక్కర్లేదు. అక్కడి అంకె చూస్తూనే ఇంకో ట్యాపు కిందికి దించవచ్చు.