గుడ్లు పెట్టడానికి తొందరపడే నత్త

చెరువు కింద మేసే గొర్రెలకు జలగ వ్యాధి నత్తల వల్ల సంక్రమిస్తుందని తెలిసిన ఒక పాఠకుడు మంచి ప్రశ్న వేశారు. గొర్రె కాలేయాన్ని అంతగా పాడుచేసే ఆ పురుగు తన బాల్యంలో ఎక్కువ భాగం నత్త శరీరంలోనే గడుపుతుంది కదా, మరి ఆ నత్త వెంటనే ఎందుకు చచ్చిపోదు అన్నది ఆయన సందేహం. జవాబు ఏమిటంటే, పురుగుకు నత్త బతికి ఉండటమే కావాలి. అందుకే అది నత్తను వెంటనే చంపదు, గొడ్డును చేస్తుంది, అంటే గుడ్లు పెట్టలేకుండా చేస్తుంది.

ఈ పురుగుల జీవితచక్రాన్ని ఇంటర్మీడియట్ జంతుశాస్త్రంలో చాలామంది చదివే ఉంటారు. మిరాసీడియం, స్పోరోసిస్ట్, రీడియా, సెర్కేరియా అంటూ పురుగు పిల్ల దశల పేర్లను వరసగా కంఠస్థం చేయిస్తారు తప్ప, ఆ దశలు గడుస్తున్నంత కాలం నత్త ఏమవుతోందో చెప్పరు. నా దృష్టిలో అసలు పాఠం అదే. మందలో గొర్రెలు వరసగా చనిపోతే దిష్టి తగిలిందనో, అమ్మవారికి కోపం వచ్చిందనో భయపడేవారు నేటికీ ఉన్నారు. నట్టల మందు తాగించమని చెప్పడంతో పాటు, చెరువు అంచున పాకే నత్తలో ఏం జరుగుతోందో కూడా వివరిస్తే ఆ భయం తగ్గుతుందని నా నమ్మకం.

నత్త తిన్న ఆహారంలో పెద్ద వాటా గుడ్ల తయారీకి పోతుంది. గుండె, నాడులు, జీర్ణగ్రంథి లేకపోతే నత్త బతకదు కానీ, గుడ్లు పెట్టకపోయినా బతకగలదు. కాబట్టి ఇంటి యజమానిని చంపకుండా పరాన్నజీవి దోచుకోగల సొత్తు సంతానోత్పత్తికి కేటాయించిన ఆ శక్తే. దోచుకునే పద్ధతులు మాత్రం రెండు. గొర్రెల్లో జలగ వ్యాధిని కలిగించే ఫాసియోలాకు రీడియా దశ ఉంది. రీడియాకు నోరు, పేగు ఉంటాయి కనుక అది లిమ్నియా నత్త జీర్ణగ్రంథిలో కొంత భాగాన్నీ, దానిని ఆనుకుని ఉన్న, గుడ్లు తయారయ్యే బీజకోశాన్నీ నేరుగా తినేస్తుంది. మనుషులకు బిల్హార్జియా వ్యాధిని తెచ్చే షిస్టోసోమాకు రీడియా దశే లేదు. దాని స్పోరోసిస్టులకు నోరు ఉండదు, చుట్టూ ఉన్న పోషకాలను చర్మంతో పీల్చుకోవడం ఒక్కటే వాటికి తెలిసిన పని. అయినా వాటికి ఆశ్రయమిచ్చిన బయోంఫలేరియా నత్త కొన్ని వారాల్లోనే గుడ్లు పెట్టడం దాదాపు మానేస్తుంది.

కొరకకుండా గొడ్డును చేయడం ఎలా సాధ్యమైందో తెలుసుకోవడానికి నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు లిమ్నియా స్టాగ్నాలిస్ అనే చెరువు నత్తను, బాతుల రక్తంలో పెరిగే ట్రైకోబిల్హార్జియా అనే పురుగును ఎంచుకున్నారు. సోకిన నత్త రక్తంలో వారికి షిస్టోసోమిన్ అనే చిన్న ప్రోటీన్ దొరికింది. ఆశ్చర్యమేమిటంటే, దానిని తయారు చేసేది పురుగు కాదు, నత్త సొంత కణాలే. ఆ ప్రోటీన్ మెదడులో గుడ్లు విడుదల చేయించే హార్మోన్‌ను స్రవించే నాడీకణాల ఉత్తేజాన్ని తగ్గిస్తుంది. గుడ్డు చుట్టూ తెల్లసొనను చేర్చే ఆల్బుమిన్ గ్రంథికి కాల్‌ఫ్లక్సిన్ అనే మరో హార్మోన్ అందించే సంకేతాన్ని కూడా అడ్డుకుంటుంది. అదే సమయంలో పెరుగుదల హార్మోన్‌ను ఇచ్చే కణాలను రెచ్చగొడుతుంది. అందువల్ల గుడ్లు పెట్టని ఈ నత్త మామూలు కంటే పెద్దగా పెరుగుతుంది, అంటే పురుగు పిల్లలకు ఇల్లు విశాలమవుతుంది. బయోంఫలేరియాలో షిస్టోసోమిన్‌కు ఇలాంటి పాత్ర కనబడలేదు. అక్కడ సోకిన నత్తల్లో నాడీకణాల సంకేతాలను మోసే సీరటోనిన్ అనే రసాయనం తగ్గుతుందని, సీరటోనిన్ కలిపిన నీటిలో ఉంచితే అవి మళ్ళీ గుడ్లు పెట్టాయని ప్రయోగాలు చూపించాయి. అంటే ఆ నత్తల బీజకోశం నాశనమైపోలేదు, దానికి రావలసిన ఆజ్ఞలే ఆగిపోయాయి.

ఇంతవరకు కథ పురుగు వైపు నుంచి నడిచింది. నత్త వైపు కథ నాకు మరింత ఇష్టం. 1981లో మించెల్లా, లవర్డే అనే ఇద్దరు పరిశోధకులు, నత్తలోకి చొరబడే తొలి దశ పిల్లలైన షిస్టోసోమా మిరాసీడియాలను ఎదుర్కొన్న బయోంఫలేరియా నత్తలు మొదటి వారాల్లో మామూలు కంటే ఎక్కువ గుడ్లు పెట్టాయని గమనించారు. తుఫాను హెచ్చరిక విన్న కోస్తా రైతు చేను పూర్తిగా పండకముందే కోతకు దిగినట్లుగా, గొడ్డుబోయే రోజు రాకముందే నత్త తన గుడ్లను బయటికి చేరుస్తుంది. ముందుకు జరిపిన కోతలో కొంత గింజ తాలుగా పోతుందని తెలిసినా రైతు వెనకాడడు, ఎందుకంటే నీట మునిగిన చేనులో అసలు ఏమీ మిగలదు. పురుగు లోపలికి ప్రవేశించినా నిలదొక్కుకోలేకపోయిన నత్తలు కూడా ఇలాగే తొందరపడ్డాయి. తీరం దాటకుండా తుఫాను దారి మళ్ళినా అప్పటికే కోసేసిన చేను వంటిది వాటి పరిస్థితి. తొందరపాటు పురుగు పన్నిన ఎత్తు కాదని, నత్త స్వయంగా ఇచ్చే జవాబని అనుకోవడానికి ఇది బలమైన ఆధారం. అయితే రైతు ఆలోచించి నిర్ణయిస్తాడు, నత్తకు ఆలోచన లేదు. తొందరపడిన నత్తలకు సంతానం మిగిలింది, తొందరపడని వాటికి మిగలలేదు. తరాల పాటు జరిగిన ఆ ఏరివేతే ఇక్కడ హెచ్చరిక వినే చెవి.

తుఫాను ఏటా వచ్చే చోట రైతు కోతను ముందుకు జరపడంతో సరిపెట్టుకోడు, స్వల్పకాలిక వంగడాన్నే వేస్తాడు. న్యూజిలాండ్‌లోని అలెగ్జాండ్రినా సరస్సులో ఈ రెండో పద్ధతి కనిపిస్తుంది. అక్కడి పొటామోపిర్గస్ అనే చిన్న నత్తకు మైక్రోఫాలస్ అనే పురుగు సోకితే అది పూర్తిగా గొడ్డుబోతుంది. ఆ పురుగు పెద్దయ్యేది బాతుల కడుపులో. బాతులు మేసే లోతులేని అంచుల్లో సోకే నత్తలు ఎక్కువ. అక్కడి ఆడ నత్తలు ఇంకా చిన్న పరిమాణంలో ఉండగానే పిల్లలను కనడం మొదలుపెడతాయని జోకెలా, లైవ్లీ 1995లో ప్రకటించారు. ఈ జాతిలో మగతోడు లేకుండానే తన నకళ్ళను కనే ఆడ నత్తలూ ఉన్నాయి, మగవాటితో కలిసి కనేవీ ఉన్నాయి. న్యూజిలాండ్‌లో పురుగు బెడద ఎక్కువగా ఉన్న నీళ్ళలో మగ నత్తలు కూడా ఎక్కువగా ఉన్నాయని లైవ్లీ 1987లోనే చూపించారు. ఒకే అచ్చు నత్తలు ఎక్కడైనా ఎక్కువైతే పురుగు వాటికి అలవాటు పడి, కొన్నేళ్ళలో వాటినే ఎక్కువగా గొడ్డును చేస్తుంది. తల్లిదండ్రులిద్దరి నుంచి కొత్త కలయికతో పుట్టిన పిల్లలకు ఆ ముప్పు తక్కువ.