పరిసరాలు పాఠమైన కథ

మలక్‌పేటలో మా పక్కింటి పాప మూడో తరగతి. పరిసరాల విజ్ఞానం నోటుపుస్తకంలో చెట్ల ఉపయోగాలు పది వాక్యాలు రాసింది. ముత్యాల్లాంటి అక్షరాలు, ప్రతి వాక్యం పక్కన ఎర్ర టిక్కు. మా వీధి మొదట్లో ఉన్నది ఏం చెట్టమ్మా అని అడిగితే పుస్తకం తిరగేసింది.

పది వాక్యాలు రాయించడానికి పుట్టిన చదువు కాదిది. 1975లో జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎన్‌సీఈఆర్‌టీ) పాఠ్యప్రణాళిక చట్రం రాసినప్పుడు, ఒకటి, రెండు తరగతుల పసివాళ్లకు సైన్సు, సోషల్ అని విడదీయవద్దని, చుట్టూ కనిపించేదే పాఠం కావాలని చెప్పింది. తెలుగులో దానికి పరిసరాల విజ్ఞానమనే పేరు స్థిరపడింది.

ఆ తర్వాత కోర్టు వచ్చింది. న్యాయవాది ఎం.సి. మెహతా పిటిషన్‌పై 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు పర్యావరణాన్ని విద్యాలయాల్లో తప్పనిసరి సబ్జెక్టు చేయాలంది. సినిమా హాళ్లలో ప్రతి ఆటకూ పర్యావరణం గురించి స్లైడ్లు వేయాలన్నది కూడా ఆ తీర్పే. రాష్ట్రాలు నిమ్మకు నీరెత్తినట్టు ఉండిపోవడంతో 2003 డిసెంబరులో మళ్లీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. కోర్టు ఉద్దేశం మంచిదే. కానీ మన బడుల్లో తప్పనిసరి అంటే పరీక్ష, పరీక్ష అంటే గైడు. 2001-02లో మొదలైన జాతీయ హరిత దళం అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం బడుల్లో ఎకో క్లబ్బులు పెట్టించింది. ఎక్కువచోట్ల అవి ర్యాలీ, నినాదం, ఫొటో దగ్గరే ఆగాయని నా అభిప్రాయం.

హైదరాబాదులో పిల్లలకు చూపించడానికి ఏమీ లేదా? ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి ఊరిని ముంచెత్తినప్పుడు దాని కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది బతికారని చెబుతారు. ఆ వరద దెబ్బకే 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. వరదలను ఆపడానికి కట్టినవే ఊరికి మంచినీళ్లూ ఇచ్చాయి. ఒక్క చెట్టు కింద కూర్చోబెడితే నది, వాన, చెరువు, కుళాయి అన్నీ కథలోకి వస్తాయి. పది వాక్యాల్లో ఈ ఉపయోగం లేదు.

ఆ పక్కింటి పాప బడి మూసీకి అవతల. ఆటో చాదర్‌ఘాట్ వంతెన ఎక్కగానే పిల్లలంతా ముక్కు మూసుకుంటారట. ఎవరు ముందు మూసుకుంటారో చూడటం వాళ్లకొక ఆట. ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయని ఇంతవరకు వాళ్లను ఎవరూ అడగలేదు.